నూకరత్నం గారి కందమడి

నిన్న రాజమండ్రిలో కూరగాయలకని ఒక ఏసీ కొట్లోకి వెళ్తే ప్లాస్టిక్ కాగితం చుట్టిన కందముక్క కనబడింది. తొక్క తీసి, కడిగి, సబ్బుబిళ్ళలా చదరంగా కోసి పెట్టారు. పైగా దాని మీద 'తోట నుంచి నేరుగా' అని ఒక చీటీ. ఏ తోటండీ? ఎవరి తోట? ఆ ముక్కకి మట్టివాసనైనా మిగల్చలేదు మహానుభావులు. ఇంటికి తెచ్చి కోస్తుంటే అరచేతిలో జిల పుట్టింది. దానితోపాటే కోపమూ వచ్చింది. కంద ముట్టుకున్నప్పుడల్లా పన్నెండేళ్ళుగా నాకు వచ్చే కోపమే ఇది. అది ఎవరి మీదో చెప్పాలంటే ముందు నూకరత్నం గారి గురించి చెప్పాలి.

నా మొదటి ఉద్యోగం గోదావరి ఒడ్డున ఒక లంక ఊళ్ళో, సర్కారు బడిలో సైన్సు టీచరుగా. నూకరత్నం గారు అక్కడ పిల్లలకి మధ్యాహ్న భోజనం వండేవారు. యాభై దాటిన మనిషి. చూడ్డానికి గుప్పెడే గానీ, గొంతెత్తితే అవతలి రేవుకి వినబడేది. వంటపాక వెనకాల ముళ్ళకంప పెరిగిన జాగా ఉంటే, హెడ్మాస్టరు గారిని అడిగి, తన చేతులతో బాగుచేసి కందమడి వేశారు. ఎవరూ వెయ్యమనలేదు, వేసినందుకు ఎవరూ మెచ్చుకోనూ లేదు. బడికి వచ్చే సరుకుతో పప్పు పలచగా, సాంబారు మరీ పలచగా అయ్యేది. "నీళ్ళు తాగి లెక్కలు చేత్తారేంటండి పిల్లలు? కందైతే ఒకసారి తవ్వి పెట్టుకుంటే నెలల తరబడి నిలవుంటాది, కడుపూ నిండుతాది" అనేవారు.

నేను చేరింది జూన్‌లో, బళ్ళు తెరిచిన వారం. ఆవిడ పాక ముందు కూర్చుని విత్తనానికి కంద కోస్తున్నారు. నేను నా దారిన పోవచ్చు కదా! డిగ్రీ చదివానన్న పొగరు ఊరుకోనిస్తేగా. "ఏ ముక్క పాతినా మొలుస్తుంది కదండీ, అంత చూసి చూసి కోయడం దేనికి?" అన్నాను. ఆవిడ కత్తి నా చేతిలో పెట్టారు. నేను టకీమని దుంపని అడ్డంగా కోశాను. కందకి మొలక నడినెత్తిన ఉంటుంది. అది కాస్తా మొత్తం పై ముక్కకే పోయింది, కిందిది మొండిగా మిగిలింది.

"కేకు కోసినట్టు నెత్తి మీంచి కిందికి కొయ్యాలండి టీచరుగారూ. ప్రతి ముక్కకీ మొలకలో వాటా రావాలి."

"అయ్యో, దీన్ని పారెయ్యనా మరి?"

"పారెయ్యడం ఏంటండీ, పాతండి. అదీ వత్తాది, కాపోతే బక్కగా వత్తాది. రోజూ చూడండి, జన్మలో మర్చిపోరు."

నిజంగానే మర్చిపోలేదు. ముక్కల్ని పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెట్టడం, పాతిన చోట ఎండు అరిటాకులు కప్పడం, వాన పడితే నీళ్ళు నిలవకుండా బోదెలు తీయడం, అన్నీ ఆవిడ వెనకాల తిరిగి నేర్చుకున్నాను. ఒక్కో గుంటలోంచి ఒక్కటే కాడ లేచి, పైన గొడుగు విప్పినట్టు ఆకు విచ్చుకుంటే పిల్లలు కేరింతలు కొట్టేవారు. "పాఠం గదిలో ఎందుకండీ, ఇక్కడికి తీసుకురండి" అని ఆవిడే అన్నారు. దుంపల పాఠం మడిగట్టు మీద చెప్పిన రోజునే నాకు టీచరునన్న నమ్మకం కలిగింది.

ఆవిడకి ఒక నియమం ఉండేది. కంద వండిన రోజు ముందు తను ఒక ముద్ద తిని, పిల్లల ఎదురుగా పావుగంట కూర్చునేవారు. చింతపండు వేసి ఎంత బాగా ఉడికించినా సరే, ఆ పావుగంట గడిచాకే వడ్డన. "దురద పెడితే ముందు నా గొంతు పెట్టాలి" అనేవారు. పెద్దపెద్ద జీతాలు తీసుకునే మాలో ఎవరికైనా ఉందా అండీ అంత నిష్ఠ?

జనవరి వచ్చేసరికి మడి అంతా పసుపెక్కింది. ఆకులు వాలిపోయి, కాడలు ఒక్కొక్కటీ నేలకి ఒరిగాయి. తెలిసినవాళ్ళకి అది పండగ. ఆకు పడిపోతేనే దుంప ఊరినట్టు. ఇంకో రెండు వారాలు ఓపిక పడితే తవ్వుకోవచ్చు. సరిగ్గా అప్పుడే, జెండా పండుగకి ఎవరో పెద్దాయన మా బడికి వస్తారని కబురొచ్చింది. ఏర్పాట్లు చూడటానికి ముందుగా ఒక ఆఫీసరు దిగాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నేల మీద ఆనని బూట్లు. మడి చూసి ముక్కు చిట్లించాడు.

"ఏంటండీ ఈ చచ్చిన మొక్కలు? ఇది బడా, వల్లకాడా? ట్రాక్టరు పెట్టి దున్నించేసి క్రోటన్స్ పెట్టించండి."

నూకరత్నం గారు గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. "చావలేదండి బాబూ, పండాయండి! అడుగున దుంపలున్నాయండి. రెండు వారాలు ఆగండి, నేనే తవ్వి చదును చేసిపెడతాను."

వంటమనిషి మాట ఆఫీసరు చెవిన పడుతుందా? హెడ్మాస్టరు గారు నేల చూపులు చూస్తున్నారు. పోనీ ఒక్కటి తవ్వి చూద్దామన్న ఇంగితం ఆ ఇద్దరిలో ఒక్కడికీ లేదు. ఆఫీసరు నావైపు తిరిగాడు.

"మీరు సైన్సు టీచరు కదా, ఏమంటారు?"

ఎనిమిది నెలలు ఆ మట్టిలో చేతులు పెట్టినదాన్ని. ప్రతి కాడా నాకు తెలుసు. నూకరత్నం గారు నా మొహంలోకే చూస్తున్నారు. అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఈయనే.

"మీరు ఎలా చెబితే అలాగేనండి" అన్నాను.

ఛీ! ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

మర్నాడు ట్రాక్టరు వచ్చింది. నాగళ్ళు దిగిన ప్రతి చాలులోనూ దుంపలు చీలి పైకొచ్చాయి. గుమ్మడికాయంత దుంపలు. లోపలి గులాబి రంగు కండ బయటపడి, వాటి మీంచే టైర్లు పోయాయి. పిల్లలు కిటికీల్లోంచి చూస్తూ నిలబడ్డారు. నేను హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్ళి గొణిగాను. ఆయన నవ్వి, "కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? ఆవిడే ఊరుకుంది కదా" అన్నారు. ఊరుకుందా! నోరు నొక్కేసి, ఊరుకుంది అనడం ఈ పెద్దమనుషులకే చెల్లింది. తీరా చూస్తే ఆ వస్తానన్న పెద్దాయన రానేలేదు. క్రోటన్స్ మాత్రం ఎండాకాలానికి మాడిపోయాయి. వాటిని వల్లకాడు అన్నవాడు లేడు.

ట్రాక్టరు వచ్చిన రోజు సాయంత్రం నూకరత్నం గారు చితికినవి వదిలేసి, మొలక మిగిలిన ముక్కలు తట్టలోకి ఏరుకుంటున్నారు. నేనూ పక్కన కూర్చుని ఏరబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టేశారు.

"ఆయనకి తెలీదండి, దున్నించేశాడు. మీకు తెలుసు కదండీ?"

అంతే అన్నారు. ఆ తర్వాత కూడా నాకు అన్నం పెట్టారు, పలకరించారు. మడి మాత్రం మళ్ళీ వెయ్యలేదు. పిల్లలు ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ నీళ్ళసాంబారే తాగారు.

రెండేళ్ళకి హెడ్మాస్టరు గారు రిటైరయ్యారు. సన్మానసభ పెట్టాం. మైకు పట్టుకున్నవాళ్ళంతా ఆయన బడిని పచ్చగా తీర్చిదిద్దారని ఒకటే పొగడ్తలు. ఈసారి ఊరుకుంటే మనిషిని కాదనుకున్నాను. అప్పటికి నా ఉద్యోగం కూడా ఖాయమైపోయింది లెండి. నా వంతు రాగానే మైకులో చెప్పేశాను. ఆ రోజు చచ్చిన మొక్కలంటూ దున్నించింది పండిన పంటననీ, నూకరత్నం గారు చెప్పింది అక్షరాలా నిజమనీ, ఆ సంగతి తెలిసి కూడా నేను నోరు మూసుకున్నాననీ, అన్నీ చెప్పాను. హెడ్మాస్టరు గారు దండల చాటునుంచి, "ఇప్పుడెందుకమ్మా ఆ గొడవ?" అన్నారు. నేను ఆయన్ని పట్టించుకోలేదు. నా కళ్ళు వెనకాల అరుగు మీద భోజనాలు సర్దుతున్న నూకరత్నం గారిని వెతుక్కున్నాయి. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లుతాయని, వచ్చి నా చెయ్యి పట్టుకుంటారని, నిజం చెప్పొద్దూ, లోపల ఎక్కడో ఆశపడ్డాను.

దిగి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పులిహోర కలుపుతున్న చెయ్యి ఆపలేదు.

"బాగా చెప్పారండి టీచరుగారూ. కాపోతే ఇవాళ ట్రాక్టరు లేదు కదండీ."

ఇప్పుడు ఆవిడ లేరు. నేనే ఒక బడికి హెడ్మాస్టరుని. ఏ మీటింగులోనైనా ఎవరో ఒకరు తెలియని సంగతి తేల్చిపారేస్తుంటే, అక్కడ తెలిసినవాళ్ళు గుమ్మం అవతల నిలబడి ఉంటే, నాకు ట్రాక్టరు ఇంజను చప్పుడు వినిపిస్తుంది. అప్పటికప్పుడే లేచి నోరు విప్పుతాను. మెమోలు వస్తూనే ఉంటాయి. అంతా అయిపోయాక మాట్లాడటం మాత్రం ఇంకెప్పుడూ చెయ్యలేదు.