బురైదా పక్క ఊరి బడిలో ఆగని గహ్వా

ప్రొద్దుటూరులో తొమ్మిదేళ్లు పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పినదాన్ని. మా ఆయన ఉద్యోగం కోసం రియాద్ వచ్చాక రెండేళ్లు ఫ్లాటు గోడలు చూస్తూ కూర్చున్నాను. అందుకే ఇక్కడి ఒక ట్రైనింగ్ కంపెనీ మూడు నెలలు చూసి చెబుతామని నన్ను తీసుకున్నప్పుడు కాళ్లు నేల మీద ఆనలేదు. పల్లె బడుల్లో చిన్న క్లాసుల టీచర్లకు కంప్యూటర్ సైన్స్ ఎలా చెప్పాలో నేర్పడం నా పని. రెండు నెలలు ఆఫీసులో కూర్చుని అట్టకార్డులు కత్తిరించాను. మూడో నెలలో మా మేనేజర్, హైదరాబాద్ పెద్దాయన, పిలిచి “బురైదా దగ్గర ఒక ఊరి బడికి పోయి రామ్మా. అక్కడి సూపర్‌వైజర్ మేడమ్ ఏం చెబుతుందో దాన్నిబట్టి నీ సంగతి చూద్దాం” అన్నారు. మళ్లీ ఆ గోడల మధ్యకు పోవడం నా వల్ల కాదు. ఆ భయంతోనే బ్యాగు సర్దుకున్నాను.

రియాద్ నుంచి బస్సులున్నాయి గానీ ఆడవాళ్లు ఒంటరిగా పోయేటప్పుడు రైలే సుఖం. రెండున్నర గంటల ప్రయాణం, టికెట్ నూరు రియాళ్ల పైన, ముందుగా కొంటే కాస్త తగ్గుతుంది. బడి పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి ముందు రోజు సాయంత్రమే బురైదాలో దిగి నూటయాభైకి గది తీసుకున్నాను. పొద్దున ఆరున్నరకు మస్తాన్ కారు తెచ్చాడు. రాయచోటి పిల్లోడు, రోజంతా ఉండడానికి రెండొందలు అడిగాడు. రోడ్డు పొడుగునా ఖర్జూరపు తోటలే, ఊరు చేరడానికి ముప్పావు గంట. “అక్కా, ఒక్క మాట. వాళ్లు పెట్టింది మాత్రం వద్దనాకు. నొచ్చుకుంటారు” అన్నాడు. మన సీమ మనిషి చెప్పిన మాట కదా, కొంగున ముడేసుకున్నాను. ఆ ముడే నా కొంప ముంచింది.

అది ఆడపిల్లల బడి, లోపలంతా ఆడవాళ్లే. టీచర్ల గదిలో తివాచీ మీద ఆరుగురు కూర్చున్నారు. ఇంగ్లీషు చెప్పే నూఫ్ అనే అమ్మాయి నా మాటలను అరబ్బీలోకి మార్చాలి. అందరికన్నా పెద్దావిడ ఒకటో తరగతి టీచర్ హెస్సా. ఇక్కడ లేడీ టీచర్‌ను అబ్లా అంటారు, నేనూ హెస్సా అబ్లా అనే పిలిచాను. ఆవిడ ఇత్తడి కూజా పట్టుకుని లేచి, పిడి లేని బుల్లి కప్పు నా చేతికిచ్చి గహ్వా, అంటే ఇక్కడి కాఫీ, పోసింది. యాలకుల వాసనతో పచ్చగా ఉంటుంది, చక్కెర ఉండదు. తాగేసి, మా ఇంట్లో పెద్దల ముందు లోటా కింద పెట్టకుండా చేతికే ఇచ్చే అలవాటు కొద్దీ, కప్పును ఆవిడ వైపు చాపాను. ఆవిడ మళ్లీ పోసింది. “షుక్రన్” అని థాంక్స్ చెప్పి, తాగి మళ్లీ చాపాను. మళ్లీ పోసింది.

ఎన్ని తాగానో నాకే తెలీదు. ఈవిడకు నా మీద ఇంత ప్రేమ ఎందుకో అర్థం కాలేదు. ఆవిడ ముఖంలోనూ ఏదో అయోమయం కనబడుతోంది, అదీ అర్థం కాలేదు. మస్తాన్ మాట గుర్తొచ్చి వద్దనలేకపోయాను. చివరికి ఆవిడే కూజా అడుగు చూసి, ఇంకోటి తెమ్మని ఆయమ్మకు చెప్పి కూర్చుంది.

పాఠం మొదలుపెట్టాను. కంప్యూటర్‌కు పని చెబితే సరిపోదు, ఎప్పుడు ఆపాలో కూడా చెప్పాలి. లేకపోతే అది చేస్తూనే ఉంటుంది. ఇంతే ఆరోజు పాఠం. “నడువు”, “మళ్లీ నడువు”, “నల్లగీత కనబడేదాకా” అని కార్డులు పేర్చి, నల్ల టేపు అంటించి, ఆ కార్డులు చదివి నడిచే చక్రాల బొమ్మను వదిలాను. ఆఫీసులో బుద్ధిగా ఆగిన ఆ బొమ్మ ఇక్కడ టేపు దాటుకుని పోయి బీరువా కింద దూరింది. నేల నిగనిగలాడితే దానికి గీత కనబడదేమో, నాకేం తెలుసు.

హెస్సా అబ్లా ఏదో అంది. నూఫ్ మొహమాటపడుతూ చెప్పింది: “తను సుద్దముక్కతోనే ఇన్నేళ్లు లాక్కొచ్చిందట. వచ్చే ఏడాది రిటైర్ అవుతుంది. ఆగని బొమ్మ తనకెందుకు అంటోంది.”

నేను అడగాల్సిన ప్రశ్నే అది. పొడవాటి కర్రతో బొమ్మను బయటికి లాగుతుంటే సూపర్‌వైజర్ మేడమ్ లోపలికి వచ్చింది. నా ఉద్యోగం నీళ్లపాలైందని అక్కడే అనుకున్నాను. ఆవిడ వచ్చిందని కొత్త కూజా కూడా వచ్చింది. మర్యాదగా మళ్లీ నా కప్పూ నిండింది.

నూఫ్ ఇక ఉండబట్టలేక నా చెవిలో అడిగింది. “మీకు గహ్వా అంత ఇష్టమా?”

“ఆవిడ పోస్తూనే ఉంది కదమ్మా, ఎట్లా ఆపాలి?”

“మీరు కప్పు ఊపలేదు కదా. ఊపేదాకా పోయడం మా మర్యాద. ముందే ఆపితే అతిథికి అవమానం.” ఖాళీ కప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ ఆడించి చూపించింది.

ఆ మాట అరబ్బీలో చెప్పగానే గదంతా నవ్వులు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. హెస్సా అబ్లా మాత్రం నవ్వలేదు. కింద పడున్న నా కార్డుల వైపు చూసి, “ఊపేదాకా” అని తనలో తాను అనుకుని, కూజా, కార్డులు తీసుకుని ఒకటో తరగతికి నడిచింది. మేమంతా వెనకాలే వెళ్లాం.

కూజాలో నీళ్లు నింపి ఒక పాప చేతికిచ్చింది, కప్పు ఇంకో పాప చేతిలో పెట్టింది. రెండే కార్డుల వెనక కొత్తమాటలు రాసి బోర్డు మీద అంటించింది: “కప్పు నింపు”, “మళ్లీ నింపు.” ఒక పాప పోస్తోంది, ఇంకో పాప తాగుతోంది. తాగలేక పాప కళ్లు తేలేసింది. హెస్సా అబ్లా నన్ను చూపించి పిల్లలతో అన్న మాటను నూఫ్ నాకు చెప్పింది. “పొద్దున ఈ టీచర్ ఆపమనలేదు, నేను ఆపలేదు. తప్పెవరిది?”

ముందు వరసలోని పిల్ల లేచి, “మూడో కార్డు లేదు అబ్లా” అంది. హెస్సా అబ్లా “కప్పు ఊపేదాకా” అని రాసి ఆ పిల్లకే ఇచ్చి అంటించమంది.

పోయేముందు సూపర్‌వైజర్ మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో చెప్పింది. “పక్క ఊళ్ల బడులకు హెస్సా అబ్లానే పంపుతాను. మీరిక రానవసరం లేదు.” అది మెచ్చుకోలో, ముఖాన తలుపేయడమో అర్థం కాలేదు. మస్తాన్‌ను అడిగితే, “నాకేం తెలుసక్కా, నాకైతే రావద్దంటే ఉద్యోగం పోయినట్టే” అన్నాడు. సాయంత్రం రైల్లో కిటికీ వైపు తిరిగి కాసేపు ఏడ్చాను.

ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు కాబట్టి ఆదివారం ఆఫీసుకు పోయి, తిట్లకు సిద్ధపడి మేనేజర్ ముందు నిలబడ్డాను. “ఇక రానవసరం లేదన్నారు సార్” అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, “మళ్లీ మళ్లీ పిలిపించుకునే ట్రైనర్లు నా దగ్గర చాలామంది ఉన్నారమ్మా. ఇక అక్కర్లేదు అనిపించుకుని వచ్చింది నువ్వొక్కదానివే. వచ్చే వారం ఖమీస్ ముషైత్ బడులకు పోవాలి, టికెట్ చూసుకో” అన్నారు.

తొమ్మిదేళ్లు టీచర్‌గా ఉండి, నేర్పడం అనే పనికి కూడా ఒక మూడో కార్డు ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. అవతలి మనిషికి మనం అవసరం లేకుండా పోయేదాకా చెప్పాలి, అప్పుడు ఆపాలి. ఆరోజు నేను నేర్పింది ఎంతో, ఆవిడ నేర్పింది ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ పల్లెల వైపు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే: పెట్టింది వద్దనకండి, రెండు కప్పులు తాగండి, మూడోది పోసేలోపు కప్పు ఊపండి. షుక్రన్ అన్నంత మాత్రాన ఎవరూ ఆపరు.