వికారాబాద్‌ల ఉండె

ఈ బరువు నాతో పాటే ముసలిదైంది. భార్యకు చెప్పలేదు, దేవుడికీ చెప్పలేదు. ముక్కూమొహం తెలియని మీకు చెబుతున్నాను.

మాది తాండూరు. పందొమ్మిది వందల అరవైల్లో హైదరాబాదులోని ఒక ప్రయోగశాలలో నేనూ ప్రకాశమూ ఇంజనీర్లం. అతనిది పెద్దేముల్, కూలి చేసుకు బతికే క్రైస్తవుల ఇల్లు. ఇద్దరిలో తెలివైనవాడు అతనే. ఆ సంగతి నాకు మరీ బాగా తెలుసు.

అప్పుడప్పుడే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు వస్తున్నాయి. బల్లనిండా పరిచిన ట్రాన్సిస్టర్ల పనిని గోరంత ముక్క చేసేస్తోంది. వాటికోసం కొత్త విభాగం పెట్టారు. మూసిన గది, మా ఇద్దరిలో ఒక్కడికే చోటు. అధికారి నన్ను పిలిచి, కిందటేడు ప్రకాశం కొన్ని నెలలు సెలవెందుకు పెట్టాడని అడిగాడు.

“వికారాబాద్‌ల ఉండె సార్,” అన్నాను.

అబద్ధం కాదు. బావ కాలు విరిగితే, అక్క పొలం చూడటానికి వెళ్లాడు. కానీ ఆ రోజుల్లో వికారాబాద్‌లో ఉన్నాడంటే, అక్కడి గుట్ట మీద క్షయ ఆసుపత్రిలో ఉన్నాడనే అర్థం. అధికారి మొహం మారింది. ‘అక్క ఇంట్ల’ అని కలిపితే సరిపోయేది. మరిచానా? లేదు. నోటిదాకా వచ్చింది, మింగాను. నిజమే చెప్పాను కదా, తప్పుగా అనుకున్నది ఆయన కదా అని ఎన్నేళ్లు సముదాయించుకున్నానో. ఆ సముదాయింపు కోసమే మాటను అంత జాగ్రత్తగా ఎంచుకున్నానేమో.

చోటు నాకొచ్చింది. ప్రకాశానికి మంచినీళ్ల గ్లాసు వేరు చేశారు. ఎక్స్‌రే తెచ్చి చూపించాడు. అందరూ సరేనన్నారు, జరుపుకున్న కుర్చీలు మాత్రం వెనక్కి రాలేదు. మాట పెద్దేముల్ దాకా పోయి, కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఉద్యోగం మానేశాడు.

ఒకసారి నేను రైల్లో ఊరికి పోతుంటే వికారాబాద్ స్టేషన్లో అదే పెట్టె ఎక్కాడు. నా బల్ల మీదే, కాస్త ఎడంగా కూర్చున్నాడు. అలవాటైపోయినట్టుంది.

“అన్నా, నాకు గా రోగమున్నదని ఎవడు చెప్పిండో నీకేమన్న ఎరుకనా?”

“నాకేం తెల్వది తమ్మీ.”

“పోనీ తియ్యి. నువ్వొక్కడివన్న నమ్మలే గదా, గంతే చాలు.”

నేను జరిగి అతన్ని ఆనుకుని కూర్చున్నాను. దానికే ఎంత సంతోషపడ్డాడో! ఆ సంతోషాన్ని కూడా నేను దొంగిలించినట్టే.

మళ్లీ చూడలేదు. వెతికానా? వెతకలేదు. ఆ గోరంత ముక్కల మీదే బతికాను, పేరు తెచ్చుకున్నాను.

క్షమించమని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఇన్నేళ్లలో నా నోట రాని మాట ఒకటుంది, అది మాత్రం వినండి. ప్రకాశానికి ఏ రోగమూ లేదు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు.