ఊడ్చిన జాగా

గల్ఫ్‌లో, మబేలాలోని గోదాములో నేల ఊడ్చే ఇస్తారి, డ్యూటీ ఎక్కగానే బస్తాలు మోసే రోబో బండ్ల వీపులను ఎడ్లను నిమిరినట్టు నిమురుతాడు. వాటికి మేస్త్రీ అంటూ ఎవరూ లేరు. ఒకటి చూసింది పక్కదానికి చెబుతుంది, అది మరోదానికి. అలా అన్నీ కలిసి దారి తెలుసుకుంటాయి. పోయిన నెల అతని రూమ్‌లో ఉండే అక్బర్, బియ్యం బస్తాల వరుస ముందు గుండె ఆగి కూలిపోయాడు. బండ్లన్నీ ఆయన్ను తప్పించుకుని చుట్టూ తిరిగి పోయాయి. శవం కడపకు చేరి ఇన్నాళ్లయినా ఆ చోట ఇంకా అలాగే చుట్టూ తిరుగుతున్నాయి. నిన్న దించిన కొత్త బండి కూడా అంతే.

"అది అక్బర్ భాయ్‌ని సూడనే లేదు గద సార్?" అని ఇంజనీరు సంజీవ్‌ను అడిగాడు ఇస్తారి.

"మిగతావి చెప్పుంటాయి. వాటి మెమరీలోంచి ఎన్నిసార్లు తుడిచేసినా మళ్లీ ఒకదానికొకటి చెప్పుకుంటున్నాయి. నువ్వక్కడ ఊడువు, ఖాళీ అని వాటికే తెలుస్తుంది."

చీపురుతో అక్కడిదాకా వెళ్లిన ఇస్తారికి అడుగు పడలేదు. ఇరుకు రూమ్‌లో రోజూ అన్నట్టే మెల్లగా అన్నాడు: "జర పక్కకు జరుగుండ్రి భాయ్, ఊకుత."

ఊడ్చి, గోడ వారకు వచ్చి చూశాడు. బండ్లు ఊడ్చిన జాగా మీదుగా నేరుగా పోతున్నాయి. దాని పక్కనే, ఒక మనిషి పట్టేంత చోటును మాత్రం తప్పించుకుని చుట్టూ తిరుగుతున్నాయి.