రెండో తుమ్ము

మొన్న మా మనవరాలు ఉద్యోగంలో చేరడానికి పూణే బయలుదేరి, సంచులన్నీ కారులో పెట్టించుకుని నా కాళ్లకు దణ్ణం పెట్టే వేళకు నాకు తుమ్ము ముంచుకొచ్చింది. కొంగు ముక్కుకు అదిమిపెట్టి, ఊపిరి బిగబట్టి, కళ్లమ్మట నీళ్లు కారుతున్నా దాన్ని బయటికి రానివ్వలేదు. నానమ్మ ఏడుస్తోందని పిల్లలంతా నన్ను ఓదార్చారు. నా ఈడు వాళ్లు ఎవరైనా అక్కడుంటే అది ఏడుపు కాదని ఇట్టే పోల్చి ఉందురు.

మాది కొత్తవలసకు రెండు మైళ్ల దూరంలో ఉన్న పల్లె. నాన్న వరీ గోగూ పండించేవాడు. నాకప్పుడు పన్నెండేళ్లు, అన్నయ్య నాకంటే ఏడేళ్లు పెద్ద. ఎస్సెల్సీ మూడుసార్లు తప్పాడు, జూటు మిల్లులో కుదిరితే నెల తిరక్కుండా పంపించేశారు, నాగలి పట్టుకుంటే చాళ్లు వంకర పోయేవి, మొత్తానికి వాడు మొదలుపెట్టిన పని ఏదీ తెమలదన్న పేరు ఊళ్లో పడిపోయింది. చివరికి నాన్న వాణ్ణి తిట్టడం కూడా మానేశాడు, ఆ మానేయడమే వాణ్ణి ఎక్కువ కుంగదీసిందనుకుంటాను. రెండేళ్లుగా వాడు తలెత్తి ఎవరితోనూ మాట్లాడగా నేను చూడలేదు.

అరవయ్యో దశకం చివరి రోజులవి. విజయనగరంలో మిలటరీకి కుర్రాళ్లను తీసుకుంటున్నారని తెలియగానే నాన్నలో ఎక్కడలేని హుషారు పుట్టింది. రోజూ తెల్లారగానే వాణ్ణి పొలం గట్ల మీద పరుగెత్తించడం, బరువు చాలదేమోనని గెలలకు గెలలు అరటిపళ్లు మేపడం మొదలుపెట్టాడు. అన్నయ్య మళ్లీ నవ్వసాగాడు. అమ్మకు మాత్రం ముద్ద దిగడం మానేసింది. ఆవిడకు ఒక్కడే తమ్ముడు, కళింగపట్నంలో ఓడెక్కి బర్మాలోని రంగం వెళ్లి మరి తిరిగి రాలేదు. ఆ రోజుల్లో మన వైపు రంగం వెళ్లినవాళ్లు లేని ఊరేది గనక? ఓడెక్కే ముందు తమ్ముడు ఎలా నవ్వాడో వీడూ అచ్చం అలాగే నవ్వుతున్నాడనేది. అంతవరకూ కొడుకు నవ్వడం లేదని బాధపడిన మనిషి ఇప్పుడు ఆ నవ్వు చూసి భయపడింది. పాలు విరిగినా, పలుపుతాడు తెగినా, ఆవు ఒక పూట మేత ముట్టకపోయినా అన్నీ వాడి గురించే అనుకునేది. చూస్తూ చూస్తూ ఆ భయం నాకూ అంటుకుంది.

నాన్న ఎవరి మాటా వినేవాడు కాదు గాని శకునానికి మాత్రం కట్టుబడేవాడు. బయలుదేరే వేళ ఒంటి తుమ్ము వినబడితే చెప్పులు విప్పించి, కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, ఒక ఘడియ ఆగితే గాని ఎవరినీ గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. అదే జంట తుమ్ములైతే శుభమని మరింత జోరుగా కదిలేవాడు. ఘడియ ఆగితే పొద్దుటి రైలు తప్పుతుంది, రైలు తప్పితే ఆ ఏటికి సెలక్షన్ అయిపోయినట్లే. అమ్మ ఇదంతా ఆలోచించుకుని, ప్రయాణం రోజు పొద్దున్నే నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, మా మామ్మ ముక్కుపొడుం చిటికెడు నా అరచేతిలో పోసి గుప్పిట మూసింది.

"ఒసే, ఆడు సెప్పులేసుకోగానే తుమ్ము. ఒక్కటే తుమ్ము. రెండోది వచ్చినాదంటే ఆడు మనకి దక్కడు."

అన్నయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, నూనె రాసి తల దువ్వుకుని, అందరికీ దణ్ణాలు పెట్టి చెప్పులేసుకున్నాడు. నేను పొడుం పీల్చి తుమ్మాను. వాడు నన్ను కోపంగా చూసినా బాగుండేది. చూడలేదు. తను బయలుదేరిన పని ఆగిపోవడం తనకు మామూలే అన్నట్లు వంగి చెప్పులు విప్పుకోసాగాడు. ఆ వంగిన మెడ నేను చూడలేకపోయాను. మళ్లీ తుమ్మాను. ఆ రెండోది పొడుం వల్ల వచ్చింది కాదు, నేను కావాలని తెచ్చిపెట్టుకున్నది. ఈ మాట ఇన్నాళ్లకు మీతోనే చెబుతున్నాను.

"జంట తుమ్ములురా. శుభమే, ఎల్దాం పద," అన్నాడు నాన్న.

వాడు సెలక్టయ్యాడు. ఉత్తరాలు రాశాడు, ఫోటో పంపాడు, అందులో తలెత్తి నిలబడ్డాడు. రెండేళ్లు నిండకుండానే, ఉత్తరాన ఏదో కొండ మీద మంచు విరిగిపడి వాడు కనిపించకుండా పోయాడని తంతి వచ్చింది. ఎంత వెతికినా మనిషి దొరకలేదట. కొత్తవలస స్టేషన్లో ఒక నల్ల ట్రంకుపెట్టె దిగితే నాన్న ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చాడు. అందులో ఆనాటి చెప్పులు కాగితంలో చుట్టి ఉన్నాయి.

అమ్మ నన్ను శపిస్తుందనుకున్నాను. ఆవిడ నన్ను దగ్గరకు లాక్కుని వీపు నిమిరింది.

"నాను ఒక్కటే తుమ్మమన్నాను. ఆ రెండోది దేవుడు తుమ్మించినాడే. ఆడు వస్తాడు."

ఆ తర్వాత ఇరవయ్యేళ్లు ఆవిడ ఆ తుమ్మునే పట్టుకుని బతికింది. కొడుక్కి కర్మ చేయనివ్వలేదు. నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఎన్ని తుమ్ములే అని అడిగేది, రెండమ్మా అనేదాన్ని. ఆఖరి రోజున మంచంలో ఉండీ అదే అడిగింది, నేనూ అదే చెప్పాను. నిజం చెప్పి ఆవిడ చేతిలో మిగిలిన ఆ ఒక్కటీ లాక్కోవడానికి నాకు చేతులు రాలేదు.

ఇప్పుడు తుమ్ముకు ఆగేవాళ్లెవరూ లేరు. పిల్లలు దారి పొడుగునా ఫోను చేస్తూనే ఉంటారు, దిగగానే ఫోటో పెడతారు. ఈ రోజులే నయం, నిజంగానే అంటున్నాను. అయినా మొన్న కారు సందు మలుపు తిరిగాక, అరుగు మీద కూర్చుని, అంతసేపూ ఆపుకున్న తుమ్ము తుమ్మేశాను. ఒక్కటే వచ్చింది. రెండోది తెచ్చిపెట్టుకునే ధైర్యం నాకిక లేదు.