అమ్మ నడక బల్ల

డెబ్బైలలో మేము నాచారంలో రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్లం. నాన్న దగ్గర్లోని కార్ఖానాలో ఫిట్టరు. అమ్మ మా చర్చివాళ్ల బడిలో టీచరు. నేను కాలేజీలో చేరిన ఏడాది అమ్మకు షుగరు బయటపడింది. అప్పటికే ఆమె బాగా లావెక్కింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. బడిలో పాఠం కూడా కుర్చీలో కూర్చునే చెప్పేది.

డాక్టరమ్మ మందులు రాసి, "వీటితోనే తగ్గిపోతుందనుకోకండి. రోజూ నడవాలి" అంది.

మరునాటి నుంచి అమ్మ పొద్దున్నే ఉప్పల్ రోడ్డు మీదికి బయల్దేరింది. ఆ రోజుల్లో మా వైపు ఆడమనిషి ఊరికే నడవడమన్నది ఎవరికీ తెలియదు. పాలాయన సైకిలు ఆపి, "ఎటు పోతున్నవ్ టీచరమ్మా, బస్సు రాలేదా?" అని అడిగేవాడు. బడిలో చదివే ఒక పాప తల్లి అయితే, అమ్మ ఇంట్లో గొడవపడి వచ్చేసిందనుకొని, "నేనొచ్చి సారుతోని మాట్లాడాల్నా?" అని ఓదార్చిందట. అమ్మ ఇంటికొచ్చి చెప్పులు విడిచి, "ఇగ నేను పోను. ఏమైతే అది గానియ్యి" అంది.

కొన్నాళ్లకు నాన్న కార్ఖానాలో పాతబడి తీసేసిన బెల్టు ముక్కనూ, రెండు రోలర్లనూ మేనేజరును అడిగి తెచ్చుకున్నాడు. సెలవు రోజుల్లో వరండాలో కూర్చొని, పొడవాటి చెక్క బల్లకు ఆ చివరా ఈ చివరా రోలర్లు బిగించి, వాటి చుట్టూ బెల్టు తొడిగాడు. పట్టుకోవడానికి రెండు పక్కలా ఇనుప పైపులు పెట్టాడు. ముందు వైపు కాస్త ఎత్తు చేశాడు. పైన నిలబడి అడుగు వేస్తే బెల్టు వెనక్కి జారుతుంది, మనిషి ఉన్నచోటే ఉంటుంది. ఇలాంటిదేదో ఒక పత్రికలో బొమ్మ చూశాడట. మేము దాన్ని నడక బల్ల అనేవాళ్లం.

"ఏందిది?" అంది అమ్మ.

"రోడ్డే అనుకో. ఈడ నిన్నెవరు ఆపి అడగరు. ఎక్కు" అన్నాడు నాన్న.

ఎక్కింది. రెండడుగులకే బెల్టు ఒక పక్కకు లాగేసింది. అమ్మ మోకాలు పైపుకు కొట్టుకుంది. కమిలిన చోట కొబ్బరినూనె రాసుకుంటూ, "నీ కార్ఖానా పనులు నా మీద జేయకు" అంది. నాన్న మొహం చిన్నబోయింది. మర్నాడు ఆయన రోలర్ల పక్కన బోల్టులు పెట్టి, బెల్టు తిన్నగా నడిచేలా సరిచేశాడు. తనే ఎక్కి చూసుకున్నాడు. అమ్మను మళ్లీ ఎక్కమనలేదు.

వానలు మొదలయ్యాయి. ఓ సాయంత్రం నేను తడిసి ఇంటికొస్తే వరండాలోంచి గరగరమని చప్పుడు. అమ్మ కొంగు నడుముకు దోపుకొని, పైపులు రెండు చేతులా పట్టుకొని, కీర్తన పాడుకుంటూ నడుస్తోంది. నన్ను చూసి ఆగింది.

"మీ నాయినకు జెప్పకు. మొదలు నాకు అలవాటు గానియ్యి."

నాన్నకు తెలియకుండా ఉంటుందా? బేరింగుల గ్రీజు అమ్మ చీర అంచుకు నల్లగా అంటుకొని ఉంది. ఆయన చప్పుడు తగ్గేలా ఇంకాస్త గ్రీజు పెట్టాడు.

మొదట్లో అమ్మ ఒక్క చరణం అయ్యేసరికి దిగిపోయేది. దసరా సెలవులకల్లా పాట మొత్తం పాడుతూ నడిచేది. వానొచ్చినా, రోడ్డంతా బురదైనా ఆమెకు ఫికరు లేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఎక్కేది, కుక్కరు లేని రోజులు గనక పప్పు ఉడకడానికి చాలాసేపే పట్టేది. పడుకోగానే నిద్రపోవడం మొదలుపెట్టింది. జాకెట్లు వదులయ్యాయి. బడిలో బోర్డు దగ్గర నిలబడి పాఠం చెబుతోందని తోటి టీచరొకామె నాతో అంది. దవాఖానాలో డాక్టరమ్మ రిపోర్టు చూసి మందు తగ్గించింది.

"ఎక్కడ నడుస్తున్నారు?"

"మా వరండాల" అంది అమ్మ.

పక్కింటావిడది కోస్తా. భర్త ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగి. కాన్పు తర్వాత ఆమెను నడుము నొప్పి వదల్లేదు. ఒకరోజు గోడ అవతల నుంచి, "అక్కయ్యగారూ, నేనూ ఓసారి ఎక్కి చూడనా? మా ఆయన వింటే నవ్వుతారు" అంది.

"నవ్వనియ్యి. జర పైపు గట్టిగ పట్టుకో. కిందికి సూడకు, ముంగటికి సూడు."

ఆ తర్వాత రోజూ ఒకరు నడుస్తుంటే ఇంకొకరు స్టూలు మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచేవారు. నొప్పి తగ్గిందని ఆమె చెప్పిన రోజు నాన్న బల్ల దగ్గరికి వెళ్లి, పని లేకపోయినా బోల్టులన్నీ ఒకసారి తిప్పి చూశాడు.

ఆ చలికాలం బడి పిల్లలను మౌలాలి గుట్టకు తీసుకెళ్లారు. నేనూ తోడు వెళ్లాను. ఏటా అమ్మ కిందే కూర్చొని టిఫిన్ గిన్నెలకు కాపలా ఉండేదట. ఆ ఏడు పిల్లలతో పాటు మెట్లెక్కింది. సగంలో ఆగి ఊపిరి తీసుకుంది. నేను చెయ్యి అందిస్తే వద్దంది. పైకి చేరాక ఒక బండ మీద కూర్చొని, కింద రైలు పట్టాలను, దూరంగా కార్ఖానాల పొగ గొట్టాలను చాలాసేపు చూసింది.

"మీ నాయినను గూడ తోల్కరావాలె. గాలి మస్తుగున్నదీడ" అంది.

పిల్లలు దాహమంటున్నారు. ఆమె లేచి, నీళ్ల కూజా తీసుకొని వాళ్ల వైపు నడిచింది.