ఎండకు దాక్కున్న మచ్చలు

అరబ్బు దేశంలో, ఉమ్ సలాల్‌లోని ఆ తోటలో తొమ్మిదేళ్ళుగా నేనే పెద్ద మాలీని. ఖర్జూరాలకు పుప్పొడి పట్టించాలన్నా, దోసపాదులకు నీళ్ళు పెట్టాలన్నా, మా కఫీల్, అంటే తోట యజమాని, నా పేరే పిలిచేవాడు. జగిత్యాల నుంచి ఆ కుర్రాడు వచ్చేదాకా సంగతి ఇది. మాది నిజామాబాద్ వైపు. ఇద్దరిదీ దాదాపు ఒకే యాస, వండుకునేది ఒకే కూర, పడుకునేది ఒకే గదిలో. అయినా వాడంటే నాకు మొదటి నెల నుంచే పడలేదు. వాడికి అంటు కట్టడం వచ్చు. నిమ్మచెట్టుకు కన్ను, అంటే ఇంకో చెట్టు నుంచి కోసిన మొగ్గ, పెట్టి పట్టీ చుడుతుంటే, కఫీల్ కుర్చీ తెప్పించుకుని మరీ చూసేవాడు. నేను ఖర్జూరం ఎక్కి గెలలు కోస్తే ఎవరూ కుర్చీ వేసుకుని చూడలేదు.

ఆ చలికాలంలో కఫీల్ నాలుగు యాపిల్ చెట్లు తెప్పించాడు. కొద్దిపాటి చలికే కాసే రకం, పెద్ద తొట్లలో నడుమెత్తు పెరిగినవి. రెండు నాకు, రెండు వాడికి ఇచ్చాడు. వచ్చే ఏడాదికి కూలర్లు పెట్టి గ్రీన్‌హౌస్ కడతానని, ఎవరి చెట్లు బాగుంటే వాళ్ళకే దాన్ని అప్పగిస్తానని చెప్పాడు. జూన్‌లో ఇక్కడ నీళ్ళ గొట్టం ముట్టుకుంటే చేయి కాలుతుంది. నాకా మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ చల్లని చోటు నాది కావాలి. అడగకుండానే ఇవ్వాల్సింది, పోటీ పెట్టాడని కఫీల్ మీద కూడా ఒళ్ళు మండింది.

ఫిబ్రవరిలో నాకు సెలవు దొరికింది. రెండు నెలలు ఇంట్లో ఉన్నానన్న మాటే గాని మనసంతా ఇక్కడే. "దుబాయ్‌ల యాపిల్ పండ్లు కాస్తయా?" అని నా భార్య నవ్వింది. మా వైపు ఏ అరబ్బు దేశమైనా దుబాయే. "నేను పెడితే కాస్తయి" అన్నాను. తిరిగొచ్చి చూస్తే నా రెండు చెట్లకూ ఆకులే ఉన్నాయి. వాడి రెండింట్లో గేటు పక్కనున్న చెట్టుకు ఏడు కాయలు. లెక్క తప్పిందేమోనని రెండుసార్లు లెక్కపెట్టాను. ఏడే. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున ఆ చెట్టు దగ్గర నిలబడి చూస్తుంటే వాడు వచ్చాడు.

"అన్నా, దీని జోలికి పోకు. దీని కొమ్మ గాని, కన్ను గాని ఇంకో చెట్టుకు పెట్టకు."

"ఎందుకురా?"

"ఉత్తగనే. పెట్టకు, గంతే."

 మంచి చెట్టు నీ ఒక్కడి దగ్గరే ఉండాలి, అంతేనా అనుకున్నాను. ఎండాకాలం పొడుగునా దాన్ని గమనించాను. ఆకులు పచ్చగా, నున్నగా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి. అందులో దాచాల్సిన లోపమేమీ నాకు కనిపించలేదు.

ఎండలు తగ్గాక ఒక శుక్రవారం వాడు స్నేహితుడిని చూడడానికి మెసయీద్ వెళ్ళాడు. నేను వాడి కత్తే తీసుకుని వాడి చెట్టు నుంచి నాలుగు కన్నులు కోశాను. వాడు నిమ్మకు కట్టినట్టే నా చెట్లలో ఒకదాని కొమ్మలకు కట్టి, కనబడకుండా మీద ఆకులు సర్దాను. నాలుగింట్లో మూడు అతికాయి. పట్టీ విప్పి పచ్చటి కన్ను చూసిన రోజు, తొమ్మిదేళ్ళలో పడనంత సంతోషపడ్డాను. వాడిని గెలిచానన్న సంతోషమే అది.

ఫిబ్రవరిలో కొత్త చిగుర్లు వచ్చాయి. అంటు కట్టిన కొమ్మలకు, వాటి పక్క కొమ్మలకు, ఆకుల మీద లేత పసుపు మచ్చలు. కొన్నింటికి ఈనెల వెంబడి తెల్లగా చారలు. పరుగెత్తుకెళ్ళి వాడి చెట్టు చూశాను. దానికీ అవే మచ్చలు. ఎండాకాలం ఏమీ లేని ఆకులకు ఇవెక్కడివో నాకు అర్థం కాలేదు.

నెలకోసారి ఖర్జూరాలు చూడడానికి ఈజిప్టు ముహందిస్, అంటే వ్యవసాయ ఇంజనీరు వస్తాడు. కఫీల్ ఆయన్ని యాపిల్ చెట్ల దగ్గరికి తీసుకొచ్చాడు. మేమిద్దరం వెనకాల నిలబడ్డాం. అడగకముందే నేను నోరు తెరిచాను. మా ఊళ్ళో బెండకు కూడా ఇట్లాగే ఆకు పసుపుబారుతుందని, తెల్లదోమ తెస్తుందని వచ్చిన అరబ్బీలో, హిందీలో చెప్పాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "దోమ మాఫీ, దోమ కాదు. ఇది మొజాయిక్ వైరస్. ఆ చెట్టు జబ్బుతోనే వచ్చింది. బాగా ఎండలున్నప్పుడు కొత్త ఆకుల మీద కనబడదు, చల్లబడితే బయటపడుతుంది. మందు లేదు. ఒక చెట్టు నుంచి ఇంకోదానికి అంటుతోనే పోతుంది." కొమ్మ వంచి, నేను పట్టీ కట్టిన చోట వేలు పెట్టాడు. "ఇది ఎవరు కట్టారు?"

 ఉద్యోగం పోతుంది, గ్రీన్‌హౌస్ పోతుంది, దొంగనన్న పేరు మిగులుతుంది.

"నేనే కట్టిన" అన్నాడు వాడు హిందీలో. "పోయిన ఫిబ్రవరిలోనే మచ్చలు చూసిన. చెట్టు పీకేస్తరని ఆ ఆకులు తెంపి చెప్పకుండ ఉన్న. తప్పు నాదే."

కఫీల్ వాడిని చాలాసేపు తిట్టాడు. సాయంత్రానికి మచ్చలున్న ఆ రెండు చెట్లూ పీకించి కాల్పించాడు. మిగిలిన రెండు మంచి చెట్లనూ అప్పటికే కట్టిన గ్రీన్‌హౌస్‌లోకి మార్చి నాకు అప్పగించాడు. వాడిని ఖర్జూరాల పనికి, మేకల దొడ్డికి పంపించాడు.

గదిలో అడిగాను, ఎందుకట్లా చెప్పావని. వాడు బియ్యం కడుగుతూనే అన్నాడు: "మచ్చల ముచ్చట నీకు జెప్పకపోవుడు నాది తప్పే గదా. ఇగ వచ్చిన మొదటి దినం నీ కంచంల తింటినన్నా." ఆ రోజు వాడికి పెట్టింది ముందురోజు మిగిలిన అన్నం. వాడు దాన్ని ఇన్నాళ్ళు గుర్తుపెట్టుకున్నాడు. క్షమించమని అడగాల్సింది. ఉల్లిపాయలు కోస్తూ కూర్చున్నాను.

ఆ వేసవంతా నేను చల్లగా ఉన్నాను. ప్లాస్టిక్ గోడ అవతల వాడు తలకు తడిగుడ్డ చుట్టుకుని గెలలు కోస్తూ, కిందున్న బంగ్లాదేశ్ వాళ్ళతో నవ్వుతూ ఉండేవాడు. ఆ నవ్వు చూసి కూడా ఓర్వలేకపోయాను. కోరిన చోటు దొరికినవాణ్ణి నేను, నవ్వేదేమో వాడు.

ఈ ఏడాది చలికి నా దగ్గరున్న చెట్ల చిగుర్లకు మచ్చ రాలేదు. మొదటి యాపిల్ కోసి, ఆ కన్నులు కోసింది నేనేనని ఈసారి అందరి ముందూ చెప్పాలని వాడి దగ్గరికి వెళ్ళాను. చుట్టూ నలుగురున్నారు. ఆ మాట చెప్పకుండానే కాయ చాచాను. వాడు కాయ అందుకుని అదే కత్తితో రెండుగా కోశాడు. ముక్కలు సమంగా రాలేదు. "తిను అన్నా" అంటూ పెద్దది నాకిచ్చాడు. అది నములుతున్నంతసేపూ, ఇంత సులువుగా ఎట్లా ఇవ్వగలుగుతున్నాడా అని లోపల కుళ్ళుకుంటూనే ఉన్నాను.