వరుస తప్పని అంకెలు

1996 నవంబరు 20, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మా అన్న ఇంటి వెనక గోడ మొదట్లో సెన్సారు బిగించాను.

ఊరి అవతల బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో రోజూ మూడింటికి బ్లాస్టింగు జరిగేది. సైరను మోగగానే అందరూ ఇళ్లలోంచి వచ్చి వీధిలో నిలబడేవారు. మట్టిగోడలు ఏటికేడు నెర్రెలిస్తున్నాయి. గని ఆఫీసరు పెద్దమనుషుల ముందు ఒక మాట ఇచ్చాడు. ఒక్కరోజు కొలుచుకోండి, అంకె తొంభై దాటితే పేలుడు మందు తగ్గిస్తాం, దాటకపోతే మళ్లీ అడగొద్దు అన్నాడు. నేను కరీంనగర్‌లో ఒక కాలేజీ ఫిజిక్సు ల్యాబు చూసేదాన్ని. ఆ పని నాకే అప్పగించారు.

గోడ వణుకును సెన్సారు పట్టాలి. మైక్రోకంట్రోలర్ బోర్డు దాన్ని అంకెగా మార్చి తీగ గుండా కంప్యూటరుకు పంపాలి. కుదుపులో మొదటి దెబ్బ సెకండులో నూరో వంతు కూడా ఉండదు, అందుకే సెకండుకు 800 సార్లు కొలవాలని నిర్ణయించాను. ప్రోగ్రాము నేనే రాశాను. ఉత్త అంకెలు పంపడం నాకు నచ్చలేదు. ప్రతి కొలతకూ వరుస సంఖ్య ఉండాలి, ఒక్కోటి ఒక్కో వరుసలో శుభ్రంగా పడాలి. ఒకటి పోయినా వరుస తెగుతుంది, వెంటనే తెలిసిపోతుంది అనుకున్నాను.

అన్న గుంట మగ్గంలో కాళ్లు దించి నేస్తున్నాడు.

"ఏందే చెల్లె, గీ డబ్బ నా ఇంటి నాడి చూస్తదా?"

"చూస్తది. జర మగ్గం ఆపు అన్నా, నీ చప్పుడు గూడ రాసుకుంటది."

"రాసుకోనియ్యవే. పని చేస్తలేవని మీ వదిన రోజూ తిడ్తది, గా కాగితం చూపిస్త."

"కాగితమెందుకు, నేసిన బట్ట చూపియ్యి," అని వదిన లోపలి నుంచి అరిచింది.

మొదటి సైరనుకు అందరం వీధిలోకి వచ్చాం, పేలుడుకు ముందు మోగే రెండో సైరనుకు కీ నొక్కాను. గోడ అదిరింది. అటక మీది ఇత్తడి చెంబు కింద పడింది. అరవై సెకండ్లు రాసుకుని కంప్యూటరు ఆగింది. ప్రింటు తీసి ఒక్కో వరుసా వేలు పెట్టి చూశాను. 00001 నుంచి 04800 దాకా ఒక్కటీ తప్పలేదు. అన్నింటిలో పెద్ద అంకె 61.

"చెంబు పడ్డది గదనే," అన్నాడు అన్న.

"అంచుకు పెట్టి ఉంటరు," అన్నాను. కాగితం మీద సంతకం చేశాను.

ఆఫీసరు కళ్లద్దాలు సరిచేసుకుని చదివాడు. "మిషను మీదే, రాత మీదే. మేమేమన్న చెయ్యి పెట్టినమా అమ్మా?"

ఆ తర్వాత అన్న సైరనుకు లేవడం మానేశాడు. గుంటలోంచి ఎక్కి దిగితే పని పాడవుతుందని అతనికి ఎప్పుడూ విసుగే. వదిన వీధిలోంచి పిలిచేదట. "నా చెల్లె లెక్క తప్పుతదా? ఊకో," అనేవాడట.

డిసెంబరు 18, బుధవారం, మూడు గంటలకు వెనక గోడ మగ్గం గుంటలోకి పడింది.

కరీంనగర్ ఆసుపత్రి వరండాలో ఆ ప్రింటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎందుకు తెచ్చుకున్నానో తెలియదు. 4,800ను అరవైతో భాగించాను. 80 వచ్చింది. ఉండాల్సింది 800. ఇరవై ఎనిమిది రోజుల్లో నేను చెయ్యని లెక్క అదొక్కటే.

ఆ తీగలో సెకండుకు 960 అక్షరాలే పోతాయి. నా వరుస సంఖ్యకు అయిదు, కామాకు ఒకటి, ప్లస్సో మైనస్సో గుర్తుతో సహా కొలతకు నాలుగు, వరుస మార్చడానికి రెండు, మొత్తం పన్నెండు. ఒక వరుస వెళ్లేదాకా బోర్డు మరో కొలత తీసుకోలేదు. వరుస సంఖ్య వేసింది పంపిన వాటికి మాత్రమే. అందుకే ఎక్కడా తెగలేదు. మొదటి దెబ్బ రెండు కొలతల మధ్య జారిపోయి ఉండాలి. కొలతకు ఒక్క అక్షరం చొప్పున పంపి ఉంటే అన్నీ పట్టేవి.

అన్నకు మూడో రోజు చెప్పాను. "తప్పు నాది అన్నా. పదిట్ల ఒక్కటే రాసింది."

నా చేతిలోని ప్రింటు తీసుకుని చూశాడు.

"మరి కడమ తొమ్మిది యాడికి పోయినయే?"

సంక్రాంతి సెలవులకు ముందే ప్రోగ్రాము మార్చి రాశాను. ల్యాబులో బల్ల మీద కొట్టి చూస్తే సెకండుకు 800 వచ్చాయి. సెన్సారు బిగించడానికి అన్న ఇంటి వెనక ఇప్పుడు గోడ లేదు. కొత్త కొలత అడిగితే, మాట ఒక్కరోజుకే అయిందన్నాడు ఆఫీసరు.

రావలసిన కొలతలు 48,000. వచ్చినవి 4,800. పోయినవి 43,200.

గోడ ఒకటి. మగ్గం ఒకటి, దాని మీద సగం నేసిన చీర. మా అన్న కుడికాలు, మోకాలి నుంచి కిందికి.